సాంకేతిక మేనేజర్లకు ప్రయోగ రూపకల్పన: రెండు రోజుల తరగతిలో ఏది నేర్పాలి, ఏది వదలాలి?

శిక్షణావిభాగం

అందరికీ నమస్కారం. హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక మాత్రల తయారీ కర్మాగారంలో నేను శిక్షణ వ్యవహారాలు చూస్తున్నాను. ఉత్పత్తి, ఇంజనీరింగ్, క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్, పరిశోధన విభాగాల అధిపతులు ఇరవై మంది దాకా ఉన్నారు. మనమందరం డీఓఈ (డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్) అని పిలుచుకునే ప్రయోగ రూపకల్పనను, అంటే ఏ కలయికలను ఏ వరుసలో పరీక్షించాలో ముందే పట్టిక వేసుకునే పద్ధతిని, వారికి రెండు రోజుల్లో పరిచయం చేయాలని యాజమాన్యం అడిగింది. వీరంతా ఇంజనీరింగో ఫార్మసీయో చదివి, ఏళ్ల తరబడి కర్మాగారంలో పనిచేసినవారు. తామే కూర్చొని లెక్కలు కట్టరు. కాని ఏ ప్రయోగం జరగాలో, దానికి ఎన్ని బ్యాచ్‌ల సరుకు కేటాయించాలో, ఫలితం వచ్చాక ఏ మార్పును అమలు చేయాలో తేల్చేది వీరే.

ఇంతకుముందు ఒకసారి బయటినుంచి శిక్షకుడిని పిలిపించారు. మొదటి పూటే వర్గాల మొత్తాలు, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, ఎఫ్ పట్టిక బోర్డుమీదికి వచ్చాయి. మధ్యాహ్నం భోజనం తరువాత సగం కుర్చీలు ఖాళీగా కనిపించాయి. ఆ తరగతి వల్ల కర్మాగారంలో ఒక్క ప్రయోగమైనా జరిగిన దాఖలా లేదు. లెక్కలు కట్టే మినీట్యాబ్ సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉంది, దానిని నడపగల కుర్రవాళ్లూ ఉన్నారు. అందువల్ల నా ప్రశ్న లెక్కల గురించి కాదు. ప్రయోగం చేయని, చేయించే మనిషికి ఈ విద్యలో ఎంత భాగం తెలిసి తీరాలి?

పోతపని

నేను ఇనుప పోతల కర్మాగారంలో పనిచేసి విరమించుకున్నవాడిని. నా ఉద్దేశంలో మేనేజర్ల తలలో ఇప్పటికే స్థిరపడిన ఒక నమ్మకాన్ని కదిలించడంతో తరగతి మొదలు కావాలి. "ఒకసారి ఒక్కటే మార్చు, మిగిలినవన్నీ కదలకుండా పట్టుకో" అని కళాశాల ప్రయోగశాలలో మనకు నేర్పారు. అదే శాస్త్రీయమైన పద్ధతి అని ఇరవై ఏళ్ల తరువాత కూడా నమ్ముతాము. ఆ నమ్మకం ఉన్నంతకాలం, కింది ఉద్యోగి ఎనిమిది రన్‌లలో (అంటే విడి పరీక్షల్లో) మూడు ఫ్యాక్టర్లను (అంటే ఫలితాన్ని మార్చగల అంశాలను) కలిపి మార్చే పట్టిక తీసుకువస్తే అది మేనేజర్ కంటికి గందరగోళంగానే కనిపిస్తుంది.

దీనికి నేను చెప్పే కథ స్వీడన్ బేరింగుల సంస్థ ఎస్‌కేఎఫ్‌ది. 1980ల నాటి మాట. బేరింగు లోపల గుండ్లను పట్టి ఉంచే కేజ్‌ను చవకైన నమూనాకు మారిస్తే బేరింగు ఆయుష్షు తగ్గుతుందా అని ఇంజనీర్లు తెలుసుకోవాలనుకున్నారు. పాత కేజ్‌తో నాలుగు, కొత్త కేజ్‌తో నాలుగు, మొత్తం ఎనిమిది పరీక్షలు చేయాలని వారి ఆలోచన. అక్కడి గణాంకవేత్త క్రిస్టర్ హెల్‌స్ట్రాండ్, పరీక్షల సంఖ్య పెంచకుండానే ఇంకో రెండు ఫ్యాక్టర్లను చేర్చవచ్చునని వారికి చూపించారు. ఒకటి హీట్ ట్రీట్‌మెంట్, రెండోది గుండుకూ అది దొర్లే గాడికీ మధ్య ఉండే వంపు పొందిక. మూడు ఫ్యాక్టర్లు, రెండేసి స్థాయిలు, ఎనిమిది కలయికలు.

ఎనిమిదిలో ఆరు బేరింగుల ఆయుష్షు 16 నుంచి 26 గంటల మధ్య ఉంది. హీట్ ట్రీట్‌మెంటూ వంపు పొందికా రెండూ కలిసి పై స్థాయిలో ఉన్న మిగిలిన రెండింటికి మాత్రం 85, 128 గంటలు వచ్చాయి. సగటున అయిదు రెట్లు. ఏ ఒక్కదాన్ని విడిగా పెంచినా చెప్పుకోదగిన లాభం లేదు. ఇంజనీర్లు మొదట అడిగిన ప్రశ్నకు, అంటే కేజ్ సంగతికి, పెద్ద తేడా లేదన్న జవాబు అవే ఎనిమిది పరీక్షలనుంచి వచ్చింది. ఒక ఫ్యాక్టర్ ప్రభావం మరొకదాని స్థాయిని బట్టి మారడాన్నే ఇంటరాక్షన్ అంటాం. ఈ కథ చెప్పాక అంతకుమించి నిర్వచనం చెప్పనవసరం రాదు.

ఫార్ములేషన్

పోతపని గారి కథ బాగుంది. అయితే మాత్రల కర్మాగారంవారికి బేరింగుల కథ చెబితే "అది వారి పరిశ్రమ, మాది వేరు" అనేవారు తప్పకుండా ఒకరుంటారు. అందుచేత వెంటనే వారి సొంత ఉదాహరణ కూడా పక్కన పెట్టాలి. నేను మెగ్నీషియం స్టియరేట్‌ను ఎంచుకుంటాను. పొడి, మాత్రను నొక్కే పంచ్‌లకు అంటుకోకుండా వాడే ఈ పదార్థం నీటికి దూరంగా ఉండే స్వభావం గలది. దానిని ఎక్కువ వేసినా, ఎక్కువసేపు కలిపినా, గింజల చుట్టూ పొరలా పరుచుకుని మాత్ర గట్టిదనాన్నీ, మందు కరిగే వేగాన్నీ తగ్గించగలదని మాత్రల పనిలో ఉన్నవారందరికీ తెలుసు. తెలిసి కూడా ఈ రెంటినీ విడివిడిగా పరీక్షించడం అలవాటు.

తరగతి కోసం నేను అల్లిన అంకెలు ఇవి. ఏ నిజమైన ఉత్పత్తివీ కావు. స్టియరేట్ 0.5 శాతం, కలిపే సమయం 3 నిమిషాలు ఉన్నప్పుడు అరగంటలో 92 శాతం మందు కరిగిందనుకుందాం. సమయాన్ని మాత్రమే 10 నిమిషాలకు పెంచితే 90. స్టియరేట్‌ను మాత్రమే 1 శాతానికి పెంచితే 91. ఒకసారి ఒక్కటే మార్చే మేనేజర్ ఇక్కడ ఆగి, రెండూ నిరపాయమేనని సంతకం పెడతాడు. నాలుగో కలయికలో, అంటే 1 శాతం వేసి 10 నిమిషాలు కలిపినప్పుడు, 74 వస్తుంది.

నేను మొదటి మూడు అంకెలను బోర్డుమీద రాసి, నాలుగోదాన్ని ఊహించి కాగితంమీద రాయమని అడుగుతాను. దాదాపు అందరూ 89 రాస్తారు, ఎందుకంటే రెండు తగ్గుదలలను కూడితే వచ్చేది అదే. అప్పుడు 74 చూపించాలి. ఆ మీదట సమయపు సగటు ప్రభావం మైనస్ 9.5, మోతాదు ప్రభావం మైనస్ 8.5, ఇంటరాక్షన్ మైనస్ 7.5 అని వారి చేతనే కూడికలు తీసివేతలతో తేల్పించవచ్చు. నాలుగు అంకెలకు కంప్యూటర్ అక్కర్లేదు.

మరో మాట. మన పరిశ్రమలో ఇది పక్కన పెట్టదగిన విద్య కాదు. మందుల నియంత్రణకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే ఐసీహెచ్ వారి క్యూ8 మార్గదర్శకం 2005లో వచ్చింది, 2009లో దాని సవరించిన రూపం వచ్చింది. డిజైన్ స్పేస్, అంటే నాణ్యతకు హామీ ఉందని చూపించిన ఫ్యాక్టర్ల కలయికల పరిధి, అన్న భావన అందులోనిదే. డిజైన్ స్పేస్‌కు అక్కడ చూసేది విడివిడి హద్దులను కాదు, ఫ్యాక్టర్ల కలయికలనూ వాటి మధ్య ఇంటరాక్షన్లనూ. ఆమోదం పొందిన డిజైన్ స్పేస్ లోపల తిరగడాన్ని మార్పుగా పరిగణించరు. క్వాలిటీ అష్యూరెన్స్ అధిపతికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, రెండో రోజు కూడా వస్తారు.

లెక్కలమేష్టారు

ఫార్ములేషన్ గారి పట్టికలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప: ఆ అంకెలు కదలవు. నిజమైన కర్మాగారంలో అదే మోతాదుతో, అదే సమయంతో ఇంకొక బ్యాచ్ చేస్తే 92 రాదు. 90 రావచ్చు, 94 రావచ్చు. ఈ సహజమైన ఊగిసలాటను చూపించకుండా ఇంటరాక్షన్ల అందాన్ని మాత్రమే చూపిస్తే, ఇంటికి వెళ్లిన మేనేజర్ ప్రతి రెండు అంకెల తేడాలోనూ ఒక కారణాన్ని వెతకడం మొదలుపెడతాడు. అది ఏమీ నేర్పకపోవడం కన్నా చెరుపు.

అనోవాను (తేడాల విశ్లేషణ లెక్కను) వదిలేయండి, నాకు అభ్యంతరం లేదు. ఎఫ్ పట్టికను ఇంట్లో పెట్టి రండి. కాని ఒక్క సూత్రాన్ని వదలకండి. రెండు స్థాయిల ప్రయోగంలో ఒక ఫ్యాక్టర్ ప్రభావానికి ఉండే ప్రామాణిక దోషం (ఆ అంకెలోని అనిశ్చితి) కావాలంటే, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య ఉండే ప్రామాణిక విచలనాన్ని (ఊగిసలాట కొలతను) రెట్టింపు చేసి, మొత్తం రన్‌ల సంఖ్యకు వర్గమూలం తీసి దానితో భాగించాలి. విచలనం 2 యూనిట్లు అనుకుంటే 8 రన్‌లతో దోషం 1.4, 16 రన్‌లతో 1, 64 రన్‌లతో అర యూనిట్. నిజంగా ఉన్న తేడా మన కంట పడుతుందన్న ధీమా కావాలంటే అది ఈ దోషానికి సుమారు మూడు రెట్లు ఉండాలన్నది పనికివచ్చే మోటు లెక్క. అంటే ఎనిమిది రన్‌ల ప్రయోగం ఇక్కడ 4 యూనిట్ల తేడాను పట్టగలదు, ఒక యూనిట్ తేడాను పట్టలేదు.

ఇది మేనేజర్‌కు ఎందుకు? "ఎన్ని రన్‌లు కావాలి?" అని అతడు గణాంకవేత్తను అడుగుతాడు. దానికి సమాధానంలో సగం అతడి దగ్గరే ఉంది: ఎంత తేడా వస్తే మీరు ప్రక్రియను మార్చడానికి సిద్ధపడతారు? ఆ అంకె చెప్పని మేనేజర్‌కు రన్‌ల సంఖ్యను కోసే హక్కు లేదు. ఒక యూనిట్ తేడా కావాలని కోరి, ఎనిమిది బ్యాచ్‌లకే అనుమతిచ్చినవాడు ఎనిమిది బ్యాచ్‌ల సొమ్మును వృథా చేసినట్టే.

పొదుపు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మూడు ఫ్యాక్టర్లకు ఎనిమిది రన్‌ల పూర్తి ఫ్యాక్టోరియల్‌లో, అంటే అన్ని కలయికలూ ఉన్న పట్టికలో, ప్రతి ఫ్యాక్టర్‌కూ నాలుగింటి సగటును నాలుగింటి సగటుతో పోల్చినట్టు అవుతుంది, ఎందుకంటే అవే ఎనిమిది రన్‌లు మూడుసార్లు పనిచేస్తాయి. ఒకసారి ఒక్కటే మార్చే పద్ధతిలో అంతే ఖచ్చితత్వం కావాలంటే మొదటి స్థితికి నాలుగు, ఒక్కొక్క మార్పుకు నాలుగు చొప్పున పన్నెండు, వెరసి పదహారు రన్‌లు కావాలి. అప్పటికీ ఇంటరాక్షన్ సంగతి తెలియదు.

నూలుమిల్లు

మేష్టారు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. నాది గుంటూరు జిల్లాలోని స్పిన్నింగ్ మిల్లు. మా దగ్గర నూలు వడికే రింగ్ ఫ్రేము ఆగిందంటే ఆ నిమిషంనుంచే నష్టం. ప్రయోగమంటే మా జనరల్ మేనేజర్‌కు గుర్తుకు వచ్చేది పట్టిక కాదు, పాడైపోయే సరుకు. పట్టికలో రాసిన కలయికల్లో రెండింటిని చూడగానే "ఇవి చేస్తే దారం తెగుతుంది, కొట్టివేయండి" అంటారు. ఆయన చెప్పేదీ నిజమే కావచ్చు. అప్పుడేమి చేయాలి?

పోతపని

నూలుమిల్లు గారు ఎత్తినది అసలు విషయం. మేనేజర్ కలంతో జరిగే నష్టం ఎక్కువగా ఈ కొట్టివేతల దగ్గరే జరుగుతుంది. పట్టికలోని ఎనిమిది కలయికలను మూలలు అంటాం. ఆ ఎనిమిది మూలల్లో రెండు మూలలు తీసేస్తే మిగిలిన ఆరింటితో ప్రభావాలు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. ఎనిమిదికి పెట్టిన శ్రమలో మూడు వంతులు ఖర్చవుతుంది, దక్కే సమాచారం మాత్రం ఆ పాళంలో దక్కదు. చెడ్డ ఫలితం వస్తుందని ముందే తెలిసిన రన్ కూడా ఎంత చెడ్డదో చెబుతుంది. ప్రక్రియ ఏ దిక్కున విరుగుతుందో తెలియకుండా ఏ దిక్కున పదిలమో తెలియదు.

అయితే నిజంగా యంత్రం ఆగిపోయే ప్రమాదమో, మనుషులకు ప్రమాదమో ఉంటే మూలను కొట్టివేయకూడదు, స్థాయిలను దగ్గరికి జరపాలి. కదురు వేగం నిమిషానికి 14,000 చుట్లకూ 18,000కూ మధ్య అనుకున్నదాన్ని 15,000కూ 17,000కూ మధ్యకు తెస్తే పట్టిక చెక్కుచెదరదు. స్థాయిలు దగ్గరైతే ప్రభావం చిన్నదవుతుంది, కనుక మేష్టారు చెప్పిన సూత్రం ప్రకారం రన్‌లు పెరుగుతాయి. ఏది కావాలో మేనేజర్ తేల్చుకోవాలి. ఈ బేరాన్ని తరగతిలో వారి చేత ఒకసారి ఆడించడం ఒక గంట ఉపన్యాసం కన్నా మేలు.

యంత్రం ఆపలేని చోట ఇంకొక దారి ఉంది. గణాంకవేత్త జార్జ్ బాక్స్ ఇంగ్లండులోని ఐసీఐ రసాయనాల సంస్థలో పనిచేసిన అనుభవంతో 1957లో ఈవాప్ (ఎవల్యూషనరీ ఆపరేషన్) అన్న పద్ధతిని ప్రతిపాదించారు. అమ్మకానికి వెళ్లే సరుకు అమ్మకానికి పనికివచ్చేంత చిన్న మార్పులతోనే, మామూలు ఉత్పత్తి నడుస్తుండగానే, అదే చిన్న పట్టికను మళ్లీ మళ్లీ తిప్పుతారు. ఒక్కొక్క చుట్టులో తేడా కనబడదు. చుట్లు పేరుకున్నకొద్దీ సగటు నిలకడ పొంది తేడా బయటపడుతుంది. నూలుమిల్లులో షిఫ్టు, బేళ్ల లాటు రెండూ మారుతుంటాయి కనుక ఒక్కొక్క చుట్టును ఒకే షిఫ్టులో, ఒకే లాటు పత్తిలో ముగించి దానిని ఒక బ్లాక్‌గా, అంటే ఒకే పరిస్థితుల్లో జరిగిన రన్‌ల గుంపుగా, తీసుకోవాలి.

ఫార్ములేషన్

నూలుమిల్లులో ఈవాప్ చెల్లుతుంది. మాత్రల కర్మాగారంలో మాత్రం అమ్మకానికి వెళ్లే బ్యాచ్‌లమీద, వ్యాలిడేషన్ చేసి నమోదు చేయించిన హద్దులు దాటి, అలా మార్చి చూడడానికి వీలు లేదు. శిక్షణావిభాగం గారి తరగతిలో ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే క్వాలిటీ అష్యూరెన్స్ వారు మొదటి గంటలోనే ఎదురు తిరుగుతారు, అది న్యాయం కూడా. మన ప్రయోగాలు పరిశోధన బ్యాచ్‌లమీద, ప్రయోగశాల పరిమాణంలోనో పైలట్ పరిమాణంలోనో జరగాలి. అక్కడ తేలిన ప్రభావం పొడిని గింజలుగా చేసే పెద్ద గ్రాన్యులేటర్‌లో అదే పరిమాణంలో ఉంటుందన్న హామీ లేదు. కనుక పెద్ద పరిమాణంలో సరిచూసే కొన్ని రన్‌లకు ముందే సరుకు కేటాయించాలి.

లెక్కలమేష్టారు

రాండమైజేషన్, అంటే రన్‌ల వరుసను చీటీలు తీసి నిర్ణయించడం, గురించి ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. మేనేజర్లు సులువుగా ఒప్పుకుని, చేసేటప్పుడు ముందుగా వదిలేసేది అదే. ఒక కర్మాగారంలో మాత్రల కోటింగ్‌కు సంబంధించి రెండు ఇన్లెట్ ఉష్ణోగ్రతలను (కోటర్ లోపలికి పంపే గాలి వేడిని) పోల్చారు. ఉష్ణోగ్రత మార్చినప్పుడల్లా కోటర్ నిలకడకు రావడానికి సమయం పడుతుందని, తక్కువ ఉష్ణోగ్రత రన్‌లన్నీ వారం మొదట్లో, ఎక్కువ ఉష్ణోగ్రత రన్‌లన్నీ వారం చివర్లో వరుసగా ముగించారు. మధ్యలో వర్షం పట్టింది, గాలిలో తేమ పెరిగింది. చివరికి వచ్చిన తేడా ఉష్ణోగ్రతదా, వర్షానిదా అన్నదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం చక్కని గ్రాఫు ఇచ్చింది, అది ఉష్ణోగ్రత పేరనే.

గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరిన తరువాత పొలాల ప్రయోగాలకు మూడు సూత్రాలు ఏర్పరిచారు: పునరావృత్తి, రాండమైజేషన్, స్థానిక నియంత్రణ. మూడోదాన్నే మనం ఇప్పుడు బ్లాకింగ్ అంటున్నాం. పొలంలో ఒక మూలకూ మరో మూలకూ సారం మారినట్టే కర్మాగారంలో ఒక రోజుకూ మరో రోజుకూ, ఒక డ్రమ్ముకూ మరో డ్రమ్ముకూ సరుకు మారుతుంది. తెలిసిన తేడాను బ్లాకులో బంధించాలి, తెలియని తేడాలకు విరుగుడుగా చీటీలు తీయాలి. అంతకన్నా లోతుగా మేనేజర్లకు చెప్పనక్కర్లేదు.

ఉష్ణోగ్రత వంటివి తరచు మార్చలేమన్న ఇబ్బంది నిజమైనదే. దానికి, కష్టంగా మారే ఫ్యాక్టర్‌ను అప్పుడప్పుడే మార్చి, ఆ మధ్యలో మిగిలినవాటిని మార్చే స్ప్లిట్ ప్లాట్ అన్న ఏర్పాటు ఉంది. అయితే అక్కడ మార్చడానికి కష్టమైన ఫ్యాక్టర్ గురించి తక్కువ తెలుస్తుంది, సులువుగా మారేవాటి గురించి ఎక్కువ తెలుస్తుంది. విశ్లేషణ కూడా వేరు. మేనేజర్ చేయవలసిందల్లా, పట్టికలో ఏ ఫ్యాక్టర్‌ను రన్‌కు రన్‌కూ నిజంగా మార్చగలరో ముందే నిజాయితీగా చెప్పడం.

మిషిగన్‌తెలుగు

ఆటోమొబైల్ విడిభాగాల రంగంలో ఉన్నవాడిగా జపాను ఇంజనీరు టాగుచీ పద్ధతి గురించి చెప్పకుండా ఉండలేను. మేనేజర్లకు తేలికగా ఎక్కేది అదే అని నా అనుభవం. 1953లో జపానులోని ఇనా టైల్స్ సంస్థలో జరిగిన ప్రయోగం అందుకు చక్కని పాఠం. బట్టీలో పేర్చిన పెంకుల దొంతరలో బయట ఉన్నవాటికీ లోపల ఉన్నవాటికీ వేడి సమానంగా తగలక కొలతలు తేడా వచ్చేవి. బట్టీని తిరగ్గట్టడం ఖర్చుతో కూడిన పని. ప్రయోగంలో మట్టి మిశ్రమంలోని పాళ్లను మార్చి చూస్తే, సున్నం పాలును 1 శాతంనుంచి 5 శాతానికి పెంచితే కొలతల తేడా బాగా తగ్గుతుందని తేలింది. వేడిలోని అసమానత అలాగే ఉంది, పెంకు దానిని పట్టించుకోవడం మానేసింది. కారణాన్ని తొలగించడానికి సొమ్ము లేకపోతే దాని దెబ్బ తగలని స్థితిని వెతకవచ్చునన్న ఈ ఆలోచన మేనేజర్ భాషలోనిదే.

ఎల్8, ఎల్18 అనే, ఎనిమిది, పద్దెనిమిది రన్‌ల టాగుచీ రెడీమేడ్ పట్టికలు ఇస్తే వారు మర్నాడే ప్రయోగం మొదలుపెడతారు. నా మాట ఏమిటంటే, అలా మొదలుపెట్టడమే సగం విజయం.

లెక్కలమేష్టారు

ఇనా కథను నేనూ చెబుతాను, ఆలోచన గొప్పది. పట్టికల మాట వేరు. ఆ లంబ సరణులకు, అంటే ఆర్థాగొనల్ అర్రేలకు, సైద్ధాంతికమైన పునాది వేసినవారు మన గణాంకవేత్త సి. ఆర్. రావు గారు, 1940ల్లో, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, అక్కడినుంచి కలకత్తా వెళ్లినవారాయన. టాగుచీ 1954–55లో అదే సంస్థకు వచ్చి కొంతకాలం ఉన్నారు. హైదరాబాదు తరగతిలో ఈ ముక్క చెబితే వినేవారు నిటారుగా కూర్చుంటారు. ఆ ఊపు వాడుకోండి, కాని అక్కడే ఆగకండి.

ఎల్8లో ఏడు ఫ్యాక్టర్లు నింపితే పూర్తి ప్రయోగానికి కావలసిన 128 రన్‌లకు బదులు ఎనిమిదితో సరిపెట్టినట్టు. ఆ పొదుపు ఊరికే రాలేదు. ప్రతి ఫ్యాక్టర్ ప్రభావమూ మూడు ఇంటరాక్షన్లతో కలిసిపోయి, ఒకే అంకెగా బయటికి వస్తుంది. ఎస్‌కేఎఫ్ ఉదాహరణలాంటి చోట ఆ అంకె పూర్తిగా సంబంధం లేని మూడో ఫ్యాక్టర్ పేరుమీద కనబడవచ్చు. పదహారు రన్‌లకు పెంచితే, అవే ఏడు ఫ్యాక్టర్లకు, ప్రధాన ప్రభావాలు రెండేసి ఫ్యాక్టర్ల ఇంటరాక్షన్లనుంచి విడిపోతాయి. ఇంటరాక్షన్లు మాత్రం తమలో తాము ఇంకా కలిసే ఉంటాయి. ఇలా ప్రభావాలు కలిసిపోవడాన్నే అలియాసింగ్ అంటారు. మేనేజర్‌కు దాని బీజగణితం అక్కర్లేదు. "ఈ పట్టికలో ఏది దేనితో కలిసిపోయింది?" అని అడగడం వస్తే చాలు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఉద్యోగి తెచ్చిన ప్రణాళికమీద సంతకం పెట్టకూడదు.

మిషిగన్‌తెలుగు

ఒప్పుకుంటాను. అయితే దీనికి ఒక జత చేర్చండి: ఎనిమిది రన్‌లలో అన్నిటికన్నా మంచి ఫలితం వచ్చిన దానిని పట్టుకుని "ఇదే మన సెట్టింగ్" అని ప్రకటించే అలవాటు. ఇది మేనేజర్లలో చాలా గట్టిగా ఉంటుంది. ప్రభావాలను బట్టి లెక్కించిన సెట్టింగ్ అసలు చేసిన ఎనిమిదిలోనే లేకపోవచ్చు. పైగా అత్యుత్తమ రన్‌లో అదృష్టం పాలు ఎంతో తెలియదు. లెక్కించిన సెట్టింగ్ వద్ద ఎంత రావాలో ముందే కాగితంమీద రాసి, తరువాత దానిని సరిచూసే కన్ఫర్మేషన్ రన్‌లు చేయించాలి. అనుకున్న హద్దుల్లో రాకపోతే ఎక్కడో ఇంటరాక్షన్ మన కళ్లుగప్పిందని అర్థం.

శిక్షణావిభాగం

ఇంతమంది ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. అభ్యాసం గురించి ఒక సందేహం. కాగితంతో చేసిన హెలికాప్టర్‌ను పైనుంచి వదిలి, కింద పడే సమయాన్ని కొలిచే ఆటతో నేర్పాలని కొందరు చెబుతున్నారు. మా ఉత్పత్తి అధిపతి "మమ్మల్ని బడి పిల్లలను చేస్తారా?" అంటారేమోనని భయం. సొంత సమస్యతోనే మొదలుపెడితే కాదా?

ఫార్ములేషన్

సొంత సమస్యతో మొదలుపెడితే ఏమవుతుందో చెబుతాను. గ్రాన్యులేషన్‌లో నీరు ఎంత పోయాలన్నదానిమీద ఉత్పత్తివారికీ పరిశోధనవారికీ పాత తగాదా ఉంటుంది. అది గది లోపలికి వచ్చి కూర్చుంటుంది. కాగితపు హెలికాప్టర్‌మీద ఎవరికీ పూర్వాభిప్రాయం లేదు, ఎవరి పరువూ ముడిపడి లేదు. బాక్స్ కూడా ఇంజనీర్లకు నేర్పడానికి దానినే వాడారు.

అయితే దానిని రెండు అంచెలుగా చేయించండి. మొదటి అంచెలో ఏమీ మార్చవద్దు. ఒకే హెలికాప్టర్‌ను మేడ మెట్లమీదనుంచి పదిసార్లు వదిలి, ముగ్గురు వేర్వేరు గడియారాలతో సమయం కొలవాలి. ఒకే వస్తువుకు పది అంకెలు వస్తాయి, ఒకే పతనానికి ముగ్గురికీ మూడు అంకెలు వస్తాయి. మేష్టారు చెప్పిన ఊగిసలాట అప్పుడు వారి చేతిరాతలోనే వారికి కనబడుతుంది. అందులో కొలతది ఎంత, హెలికాప్టర్‌ది ఎంత అన్న చర్చ దానంతట అదే వస్తుంది. క్వాలిటీ కంట్రోల్ అధిపతి ఆ క్షణంలో మందు కరిగే వేగాన్ని కొలిచే తన డిసొల్యూషన్ పరికరాల గురించి ఆలోచించకుండా ఉండలేరు. రెండో అంచెలో రెక్క పొడవు, కాండం వెడల్పు, కాగితపు క్లిప్పు ఉండడం లేకపోవడం అన్న మూడు ఫ్యాక్టర్లతో ఎనిమిది కలయికలు చేసి, చీటీలు తీసిన వరుసలో వదలాలి. ఎవరైనా "ఒకే రకం అన్నీ కలిపి వదిలేద్దాం, త్వరగా అవుతుంది" అంటారు. అనకపోతే ఆశ్చర్యపడాలి. తరగతిలో రాండమైజేషన్ గురించి మాట్లాడవలసిన సమయం సరిగ్గా అదే.

ఇదంతా మొదటి రోజు మధ్యాహ్నానికి ముగుస్తుంది. ఆ తరువాత సొంత సమస్య. అప్పుడు కూడా రన్‌లు వద్దు, ప్రణాళిక కాగితం మాత్రమే రాయించండి: కొలిచేది ఏది, ఆ కొలత ఎంత నమ్మదగినది, ఎంత తేడా వస్తే మార్పు చేస్తారు, ఏ ఫ్యాక్టర్లు, ఏ స్థాయిలు, ఏవి తరచు మార్చలేరు, మధ్యలో ఆపే అధికారం ఎవరికి, ఎందుకు. కొలత నమ్మదగినది కాకపోతే అక్కడే ఆగి, ముందు దాని సంగతి చూడాలి.

నూలుమిల్లు

మధ్యలో ఆపడం గురించి రాశారు కనుక అడుగుతున్నాను. నాలుగు రన్‌లు అయ్యాక ఫలితం అద్భుతంగా ఉంటే మిగిలినవి ఎందుకని మా మేనేజర్ ఆపివేస్తారు.

లెక్కలమేష్టారు

చీటీలు తీసిన వరుసలో మొదటి నాలుగు రన్‌లలో ఒక ఫ్యాక్టర్ పై స్థాయి మూడుసార్లు వచ్చి ఉండవచ్చు, మరొకటి ఒక్కసారే వచ్చి ఉండవచ్చు. తూకం ఎనిమిదీ పూర్తయ్యాకే కుదురుతుంది. భద్రత విషయమైతే తప్ప ఆపకూడదన్న షరతును ప్రణాళిక కాగితంలోనే సంతకంతో రాయించుకోండి, అప్పుడు అడగవలసిన అవసరం రాదు.

శిక్షణావిభాగం

ప్రణాళిక సిద్ధమవుతోంది. బోర్డుమీద 92, 90, 91 రాసి నాలుగోదాన్ని ఊహించమనడంతో మొదలుపెడతాను, వెంటనే ఎస్‌కేఎఫ్, ఆపైన హెలికాప్టర్. రెండో రోజంతా ప్రణాళిక కాగితాలు, వాటిమీద ఒకరి బృందాన్ని మరొకరు ప్రశ్నించడం. ఇప్పటికే ఒక అభ్యంతరం వచ్చింది. మా ఇంజనీరింగ్ అధిపతి "రెండు స్థాయిలతో వంకర రేఖ ఎలా తెలుస్తుంది? అయిదు ఫ్యాక్టర్లకూ మూడేసి స్థాయిలు పెట్టండి" అంటున్నారు.

పోతపని

ఆయన ప్రశ్న సరైనది, సూచించిన విరుగుడే మోతాదు మించింది. అయిదు ఫ్యాక్టర్లకు మూడేసి స్థాయిలంటే 243 కలయికలు. దానికి బదులు రెండు స్థాయిల పూర్తి పట్టికలో సగం, అంటే 16 రన్‌లు తీసుకోండి. అయిదు ఫ్యాక్టర్లకు ఆ సగం పట్టికలో ప్రధాన ప్రభావాలూ రెండేసి ఫ్యాక్టర్ల ఇంటరాక్షన్లూ ఒకదానితో ఒకటి కలవవు. అన్ని ఫ్యాక్టర్లనూ మధ్య విలువల దగ్గర పెట్టి మూడు రన్‌లు చేర్చండి, మొత్తం 19. మధ్య రన్‌ల సగటు, మూలల సగటుకు దూరంగా ఉంటే వంపు ఉన్నట్టు. వంపు ఏ ఫ్యాక్టర్‌దో అప్పటికి తెలియదు. అది తెలుసుకోవడానికి ఒక్కొక్క ఫ్యాక్టర్‌కు రెండు చొప్పున ఇంకో పది రన్‌లు రెండో విడతలో చేరుస్తారు, దానినీ ఒక బ్లాక్‌గా చూస్తారు. బాక్స్, ఆయన సహరచయిత విల్సన్ 1951లో వేసిన దారి ఇదే. వంపు కనబడకపోతే ఆ పది మిగిలినట్టే.

అందుకే మొత్తం కేటాయింపును మొదటి ప్రయోగంలోనే ఖర్చుపెట్టవద్దని, పావు వంతుకు మించవద్దని బాక్స్ సలహా. ఇంజనీరింగ్ అధిపతి గారి చేత ప్రణాళిక కాగితంలో రెండు విడతలూ రాయించండి. మొదటి 19 రన్‌లు ఏ నెలలో ముగుస్తాయో, రెండో విడతకు సరుకు ఎవరు మంజూరు చేస్తారో కూడా అందులోనే ఉండాలి. లేకపోతే వంపు బయటపడిన రోజున బ్యాచ్‌లు మిగిలి ఉండవు.